అమ్మానాన్నల్నీ పిల్లల్నీ వెంటేసుకుని యార్క్ చూసొచ్చాం

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారంటే ఇంగ్లండ్‌లో ఉండే మాలాంటి వాళ్లకి సంతోషంతో పాటు ఒక టెన్షన్ కూడా మొదలవుతుంది. వాళ్లని ఎక్కడెక్కడికి తిప్పాలి? లండన్ ఎలాగూ తప్పదు. బిగ్ బెన్ ముందు ఫొటో, నీస్డెన్‌లో స్వామినారాయణ మందిరం, ఒక పడవ షికారు అయిపోతాయి. ఆ తర్వాతే అసలు చిక్కు. రాజుల కోటలకి తీసుకెళ్తే నాన్న మర్యాద కోసం చూస్తారు, అమ్మ కూర్చోడానికి బెంచీ వెతుక్కుంటుంది, ఆరేళ్ల చిన్నోడు పావుగంటకే "ఇంటికెప్పుడు?" అంటాడు. పదేళ్ల పెద్దది మాత్రం ప్రతి బోర్డూ చదువుతానని అక్కడే నిలబడిపోతుంది. ఈ నలుగుర్నీ ఒకేచోట సంతోషపెట్టే ఊరు ఉంటుందా అని మే నెల సెలవులకి ముందు మా ఆయనా నేనూ చాలా రాత్రుళ్లు మ్యాపులు తిరగేశాం. చివరికి ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ అనుకున్నాం. దానికి మొదటి కారణం నాన్న. ఆయన కాజీపేటలో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, తర్వాత డీజిల్ నడిపి, ఎలక్ట్రిక్ ఇంజన్ మీద రిటైరయ్యారు. యార్క్‌లో నేషనల్ రైల్వే మ్యూజియం ఉంది.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి యార్క్ రైల్లో రెండు గంటల దారి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తీసుకుంటే పెద్దల టికెట్లలో మూడో వంతు, అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లల టికెట్లలో అరవై శాతం తగ్గుతుంది. నలుగురు పెద్దలు, నలుగురు పిల్లల దాకా ఒకే కార్డు సరిపోతుంది కాబట్టి మా పటాలానికి అతికినట్టు కుదిరింది. హోటల్ వద్దనుకుని వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి, కందిపొడి పెట్టెలోకి ఎక్కాయి. ఇవి లేకపోతే మూడోపూటకల్లా నాన్న ముఖం మారిపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. పొద్దున ఒక పెద్ద చోటు, మధ్యాహ్నం ఒక చిన్న చోటు, అంతకుమించి వద్దని కూడా ముందే తీర్మానించుకున్నాం.

మ్యూజియం స్టేషన్ వెనకాలే ఉంది, నడిచి వెళ్లిపోవచ్చు. ప్రవేశం ఉచితం. గ్రేట్ హాల్ అని పిలిచే పెద్ద హాల్లోకి అడుగుపెట్టగానే నాన్న పైకప్పు చూశారు, నేల చూశారు, మధ్యలో ఇంజన్లని తిప్పే టర్న్‌టేబుల్ చూశారు. "ఇది మ్యూజియం కోసం కట్టింది కాదు, లోకో షెడ్డే" అన్నారు. నిజమే, 1975లో మ్యూజియం తెరవక ముందు అది యార్క్ నార్త్ ఇంజన్ షెడ్. టర్న్‌టేబుల్ చుట్టూ ఇంజన్లు వరసగా నిలబడి ఉంటాయి. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా అక్కడే ఉంది, లోపలికెక్కి సీట్లలో కూర్చోవచ్చు. పిల్లలిద్దరూ దాని వైపు పరుగెత్తారు. నాన్న మాత్రం నేరుగా చైనా ఇంజన్ దగ్గరికి నడిచారు. కొండలా ఉంటుంది, ఇంగ్లండ్ పట్టాల మీద పట్టనంత పెద్దది. 1935లో లాంకషైర్‌లోని వల్కన్ ఫౌండ్రీలో చైనా కోసం తయారైంది. 1853లో బొంబాయి నుంచి ఠాణేకి మొదటి ప్యాసింజర్ రైలును లాగిన మూడు ఇంజన్లూ ఆ ఫౌండ్రీవే. ఈ సంగతి నాన్నకి ట్రైనింగ్ రోజుల నుంచీ తెలుసట. నాకు మాత్రం ఆ రోజు దాకా చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

అసలు కథ కోసిన ఇంజన్ దగ్గర జరిగింది. 'ఎల్లర్‌మన్ లైన్స్' అనే ఇంజన్‌ని ఒకవైపు పొడవునా కోసి, లోపల ఏముందో కనపడేలా పెట్టారు. బాయిలర్, ఫైర్‌బాక్స్, గొట్టాలు అన్నీ రంగులు వేసి చూపిస్తారు. చిన్నోడు వచ్చి "తాతయ్యా, నిప్పు ఎక్కడ పెడతారు?" అన్నాడు. అంతే, నాన్నకి పూనకం వచ్చింది. "ఇదిగో ఇక్కడ పారతో బొగ్గు వెయ్యాలి. ఊరికే గుమ్మరించడం కాదు, నాలుగు మూలలకీ పల్చగా చల్లాలి. మంట నీళ్లలోకి పోదు, ఈ గొట్టాల్లోంచి పోతుంది. నీళ్లు గొట్టాల చుట్టూ ఉంటాయి. అట్లా కాగి ఆవిరవుతుంది." తర్వాత ఫైర్‌బాక్స్ పైకప్పు చూపించి లెడ్ ప్లగ్ సంగతి చెప్పారు. బాయిలర్లో నీళ్లు మరీ తగ్గిపోతే ఆ ప్లగ్‌లోని సీసం కరిగిపోతుంది, ఆవిరి మంట మీదకి బుస్సుమని వచ్చి డ్రైవర్‌ని హెచ్చరిస్తుంది.

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"మంట తీసేస్తా. తర్వాత షెడ్డులో ఫోర్‌మన్‌కి ఏం చెప్పాలా అని ఆలోచిస్తా."

అప్పటికే ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్లు ఆగి వింటున్నారు. భాష అర్థం కాకపోయినా చేతులు అర్థమవుతున్నట్టున్నాయి. మ్యూజియంలో వాలంటీర్‌గా పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, మీరు ఏ ఇంజన్ మీద చేశారని అడిగారు. నాన్న ఇంగ్లిషు మామూలు మాటలకి తడబడుతుంది కానీ రైల్వే ఇంగ్లిషు మహా గట్టిది. "డబ్ల్యూజీ, డబ్ల్యూపీ" అన్నారు, మన రైల్వేలో నడిచిన బొగ్గు ఇంజన్ల రకాలు అవి. ఆ పెద్దాయన కళ్లు పెద్దవయ్యాయి. డబ్ల్యూజీల్లో మొదటివి గ్లాస్గోలో తయారయ్యాయని ఆయన చెప్తే, తర్వాత చిత్తరంజన్‌లో మేమే చేసుకున్నామని నాన్న అందుకున్నారు. ఇద్దరూ ఇంజెక్టర్లు, గేజ్ గ్లాసుల గురించి మాట్లాడుకుంటూ మమ్మల్ని పూర్తిగా మర్చిపోయారు. నేను అమ్మని తీసుకుని విక్టోరియా రాణి పెట్టె చూడబోతే, "రాణి పెట్టె ఎటూ పోదు, మీ నాన్నని చూడు" అని అమ్మ నవ్వింది.

నీలం రంగు 'మాలర్డ్' గురించి కూడా చెప్పాలి. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగంతో పరుగెత్తిన ఇంజన్ అది, అంటే దాదాపు 203 కిలోమీటర్లు. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. అందరూ ఇంజన్ అందం చూస్తుంటే నాన్న "బొగ్గేసింది ఎవరు?" అని అడిగారు. డ్రైవర్ జో డడింగ్టన్, ఫైర్‌మన్ టామీ బ్రే. ఆ పరుగులో మధ్య బేరింగ్ వేడెక్కి పీటర్‌బరోలో ఇంజన్‌ని ఆపేయాల్సి వచ్చిందని విని, "ఎక్కకపోతే వింత" అన్నారు. ఆ రికార్డు పరుగు జరిగింది మేం వచ్చిన లైన్ మీదే, గ్రాంథమ్ దాటాక స్టోక్ బ్యాంక్ అనే వాలు మీద. తిరుగు ప్రయాణంలో అక్కడికి వచ్చేసరికి మా ఆయన ఫోన్లో స్పీడ్ చూపించారు. ఇప్పుడు ఆ లైన్లో మామూలు రైళ్లే 125 మైళ్ల వేగంతో నడుస్తాయి. నాన్న తన టీ కప్పు వైపు చూసి "చుక్క ఒలకలేదు" అన్నారు. మెచ్చుకోలో చిన్నచూపో నాకు తెలీలేదు.

చిన్నోడికి యార్క్ అంటే జోర్విక్. వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చిన వైకింగులు ఈ ఊరిని పిలిచిన పేరు అది. 1976 నుంచి 1981 దాకా కాపర్‌గేట్ అనే వీధిలో తవ్వితే ఇళ్లు, కంచెలు, చెప్పులు, దువ్వెనలు, బట్ట ముక్కలు బయటపడ్డాయి. అక్కడి మట్టి తడిగా, గాలి చొరకుండా ఉండటం వల్ల తోలూ కర్రా కుళ్లలేదు. తవ్విన చోటే 1984లో జోర్విక్ వైకింగ్ సెంటర్ తెరిచారు. చిన్న బండ్లలో కూర్చోబెట్టి అప్పటి వీధుల్లోంచి తీసుకెళ్తారు. బొమ్మలు వైకింగుల పాత నార్స్ భాషలో మాట్లాడతాయి, మన సీటులో తెలిసిన భాషలో వివరణ వినిపిస్తుంది. ఇంకా వాసనలు! చేపలు, పొగ, పశువుల కొట్టం, మరుగుదొడ్డి, అన్నీ ముక్కుకి తగులుతాయి. ఒకచోట దడి వెనకాల ఒక మనిషి కూర్చుని మూలుగుతుంటాడు. ఎందుకు మూలుగుతున్నాడో చెప్పక్కర్లేదు. చిన్నోడు నవ్వాపుకోలేక బండిలోంచి పడినంత పని చేశాడు. టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకుంటే మంచిది, సెలవుల్లో బయట క్యూ గట్టిగానే ఉంటుంది.

బండి దిగాక గ్లాసు పెట్టెల్లో అసలు వస్తువులుంటాయి. వాటిలో బాగా పేరున్నది ఒక వైకింగ్ మలం ముక్క. తమాషా కాదు, ఇరవై సెంటీమీటర్ల పొడవు. 1972లో ఒక బ్యాంకు కట్టే చోట దొరికింది. దాన్ని పరీక్షించి ఆ మనిషి మాంసం, రొట్టె ఎక్కువగా తినేవాడనీ, కడుపు నిండా పురుగులున్నాయనీ తేల్చారు. 2003లో కిందపడి మూడు ముక్కలైతే అతికించారు కూడా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మేనమామకి చిన్నోడు చెప్పిన ఇంగ్లండ్ చరిత్ర మొత్తం ఇదే.

అమ్మ ఆగింది మాత్రం ఒక మేజోడు దగ్గర. పదో శతాబ్దం నాటి ఊలు సాక్స్, ఒక్కటే ఉంది. రెండు సూదుల అల్లిక కాదు, ఒకే సూదితో ముడులు వేసుకుంటూ పోయే పద్ధతి. అమ్మకి క్రోషా బాగా వచ్చు. గాజుకి ముఖం ఆనించి, కళ్లజోడు పైకి కిందకి జరుపుతూ మడమ దగ్గర ఎలా తిప్పారో చాలాసేపు చూసింది. "మడమ కుదరడమే కష్టం, ఎవరో చేయి తిరిగినావిడ" అంది. పక్కనే పెద్దది బోర్డు చదివి, ఎవరు అల్లారో రాయలేదే అంది. "రాయరమ్మా, సాక్సుల మీద ఎవరు రాస్తారు" అని అమ్మ ముందుకి కదిలింది.

యార్క్ మిన్‌స్టర్ గురించి పర్యాటక పుస్తకాల్లో పేజీలకు పేజీలుంటాయి. 1220 ప్రాంతంలో మొదలై 1472లో పూర్తయిన చర్చి. లోపలికెళ్లగానే పెద్దవాళ్లం నోరు తెరిచాం, చిన్నోడు ఆవులించాడు. పిల్లలకి అంత పెద్ద చోట ఒక పని ఉండాలి. అందుకని వాళ్లకి ముందే ఒక కథ చెప్పి తీసుకెళ్లాం. 1984 జూలైలో పిడుగుపడి దక్షిణం వైపు కప్పంతా కాలిపోయింది. గులాబీ పువ్వులా గుండ్రంగా ఉండే కిటికీ గాజు దాదాపు 40 వేల చోట్ల పగిలినా రాలిపడలేదు. కప్పు తిరిగి కట్టేటప్పుడు బీబీసీ పిల్లల కార్యక్రమం 'బ్లూ పీటర్' ఒక పోటీ పెట్టింది. కప్పు దూలాలు కలిసేచోట చెక్కే బిళ్లలకి బొమ్మలు పిల్లల్నే వెయ్యమంది. గెలిచిన ఆరింటిని నిజంగా చెక్కి పైన బిగించారు. అందులో ఒకటి చంద్రుడి మీద మనిషి! అంత పాత చర్చి కప్పులో వ్యోమగామి ఎక్కడున్నాడో వెతకండి అంటే ఇద్దరూ మెడలు విరిగేలా పైకి చూశారు. ఫోన్ కెమెరా జూమ్ చేసి పెద్దదే కనిపెట్టింది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ మాత్రం వదలొద్దు.

తూర్పు కిటికీ ముందు కుర్చీల్లో కూర్చున్నాం. టెన్నిస్ కోర్టంత రంగు గాజు అది. జాన్ థార్న్‌టన్ అనే పనివాడు 1405లో మొదలుపెట్టి మూడేళ్లలో పూర్తి చేశాడు, మొత్తం కూలి 56 పౌండ్లు. ఈమధ్య దాని 311 పలకల్ని కిందికి దించి, బాగుచేసి, 2018కి మళ్లీ నిలబెట్టారు. బాగుచేయడానికి పట్టిన కాలం కట్టిన కాలంకన్నా చాలా ఎక్కువ. నాన్న ఆ లెక్క విని ఏమీ అనలేదు, తల మాత్రం ఊపారు.

గోపురం పైకి 275 మెట్లు. ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని రానివ్వరు, పైగా దానికి వేరే టికెట్టు. మా ఆయనా పెద్దదీ ఎక్కారు. చిన్నోడు గొడవ చేయకుండా నేను బయట కాన్‌స్టంటైన్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్లాను. క్రీ.శ. 306లో ఆయన్ని రోమన్ చక్రవర్తిగా సైన్యం ప్రకటించింది ఈ ఊళ్లోనే. చక్రవర్తి కథ వాడికి ఎక్కలేదు, కత్తి మాత్రం నచ్చింది. సాయంత్రం ప్రార్థన వేళకి అందరం మళ్లీ లోపలికెళ్లాం. ప్రార్థనకి వచ్చేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు. బృందగానం మొదలయ్యాక అమ్మ కళ్లు మూసుకుని వింది. మాట ఒక్కటీ అర్థం కాలేదట, గుళ్లో కూర్చున్నట్టే ఉందట.

ఊరి చుట్టూ ఉన్న కోటగోడ ఎక్కడానికీ డబ్బు కట్టక్కర్లేదు. మొత్తం మూడున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంతా నడవాల్సిన పని లేదు. బూథమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా (ఇక్కడ బార్ అంటే కోట ద్వారం) ఉన్న ముక్క చాలు, మిన్‌స్టర్ వెనక భాగం, తోటలు, పెరళ్లు కనపడతాయి. అయితే రెండు సంగతులు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ తోపుడుబండ్లకీ కుదరదు. లోపలివైపు కొన్నిచోట్ల రెయిలింగ్ ఉండదు. చిన్నోడి చెయ్యి వదల్లేదు నేను. అమ్మ కిందే మ్యూజియం గార్డెన్స్‌లో బెంచీ చూసుకుంది. అక్కడ సెయింట్ మేరీస్ అబ్బే శిథిలాలున్నాయి, ఎనిమిదో హెన్రీ రాజు మూయించిన మఠం అది. దాని తోరణాల ముందు గడ్డి మీద దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఉడతలు దగ్గర దాకా వచ్చాయి. పులిహోర వాటికి నచ్చలేదు.

షాంబుల్స్ వీధి ఫొటోల్లో ఎంత బాగుంటుందో అంత రద్దీ. ఒకప్పటి కసాయి వీధి, మాంసం వేలాడదీసిన కొక్కేలు కొన్ని దుకాణాల ముందు ఇంకా ఉన్నాయి. పై అంతస్తులు ముందుకి వాలి ఎదురింటి వాళ్లతో గుసగుసలాడేంత దగ్గరగా ఉంటాయి. ఇప్పుడు అక్కడ హ్యారీ పాటర్ మంత్రదండాలమ్మే కొట్లే ఎక్కువ, వాటి ముందు క్యూలు కూడా. పొద్దున్నే కొట్లు తెరవకముందు వెళ్తే వీధి వీధిలా కనపడుతుంది. చాక్లెట్ కథ చెప్పే మ్యూజియం ఒకటి దగ్గర్లోనే ఉంది. కిట్‌క్యాట్ 1935లో ఈ ఊరి రౌన్‌ట్రీ ఫ్యాక్టరీలోనే పుట్టిందని తెలిసి పిల్లలకి యార్క్ మీద గౌరవం అమాంతం పెరిగింది. బెట్టీస్ టీ రూమ్‌లో కూర్చోవాలంటే చాలాసేపు నిలబడాలి. మేం నిలబడలేదు, కౌంటర్లో ఫ్యాట్ రాస్కల్ కొనుక్కుని వచ్చేశాం. చెర్రీలతో కళ్లు, బాదం పలుకులతో పళ్లు పెట్టిన రొట్టె అది. నాన్నకి టీలో ముంచుకోడానికి కుదిరింది కాబట్టి ఆయన లెక్కలో అది మంచి బిస్కెట్.

వాన పడ్డ పూట క్యాజిల్ మ్యూజియం ఆదుకుంది. డాక్టర్ జాన్ కర్క్ అనే పల్లెటూరి వైద్యుడు వాడకం తప్పిపోతున్న ఇంటి సామాన్లన్నీ జీవితమంతా పోగుచేస్తే, వాటితో 1938లో తెరిచారు. లోపల విక్టోరియా కాలపు వీధి ఒకటి కొట్లతో సహా నిలబెట్టారు. "మన అటక మీదవి పాత సామాన్లవాడికి వెయ్యకపోతే మనమూ పెట్టేవాళ్లం" అని అమ్మ అంటే, వేసింది నువ్వే కదా అని నాన్న.

దాని ఎదురుగా గుట్ట మీద క్లిఫర్డ్స్ టవర్ ఉంటుంది. పెద్దది గుట్ట కింద ఫలకం చదివి మౌనంగా నా దగ్గరికొచ్చింది. 1190లో ఊరివాళ్లు తరిమితే యూదుల కుటుంబాలు అక్కడుండే చెక్క బురుజులో తలదాచుకున్నాయి. సుమారు నూట యాభై మంది అక్కడే చనిపోయారు, చాలామంది తమ చేతులతో తామే. ఎందుకు తరిమారంది. అప్పులు ఇచ్చినవాళ్లు వాళ్లు, మతం వేరు, అప్పు పత్రాలు కాల్చేస్తే బాకీ తీరిపోతుందనుకున్నవాళ్లు ఉన్నారు అని తెలిసినంతలో చెప్పాను. నాన్న పక్కనుంచి "అప్పు ఎగ్గొట్టడానికి కూడా జెండా పట్టుకుంటారమ్మా" అన్నారు. చిన్నోడికి ఏం చెప్పాలో అప్పుడే తేల్చుకోలేదు, మెట్లు లెక్కపెట్టమని పైకి పంపించాం.

మిగిలిన సాయంత్రాలన్నీ పిల్లుల వేటకే సరిపోయాయి. యార్క్‌లో పాత ఇళ్ల గోడల మీద, చూరుల మీద, కిటికీల పైన పిల్లి బొమ్మలుంటాయి. ఎలుకల్ని బెదిరించడానికి పెట్టేవారని చెప్తారు. మ్యాపులో గుర్తులుంటాయి, ఖర్చు లేదు, పిల్లలకి నడుస్తున్నామని కూడా తెలీదు. అమ్మానాన్నలు బెంచీ మీద కూర్చుని కింద నుంచి "అదిగో, పొగగొట్టం పక్కన" అని అరిచేవాళ్లు. చివరి రోజు స్టేషన్‌కి వెళ్తూ లెక్క తేల్చబోతే పెద్దదాని సంఖ్య ఒకటి, చిన్నోడి సంఖ్య ఒకటి. ఒకచోట నిజం పిల్లి గోడ మీద కూర్చుని ఉంటే వాడు దాన్నీ కలిపేశాడు. కదిలితే లెక్కలోకి రాదని పెద్దది, ఎందుకు రాదని వాడు, రైలెక్కేదాకా అదే పేచీ. తీర్పు చెప్పమంటే నాన్న ప్లాట్‌ఫారం చివర ఇంజన్ తగిలించడం చూస్తూ, "ఉండండ్రా, సిగ్నల్ పడింది" అన్నారు.